ఒక్క పదార్థాన్ని పట్టుకోండి: ఫంక్షనల్ మెటీరియల్స్ కెమిస్ట్రీ చదివే పద్ధతి

సెమిస్టర్ సగానికి వచ్చాక ఒక విద్యార్థిని తన నోటుపుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. నలభైకి పైగా పదార్థాలను గళ్లు గీసి, రంగు సిరాలతో పొందికగా రాసుకుంది. ఒక గడిలో పేరు, పక్క గడిలో స్ఫటిక నిర్మాణం, ఆ పక్కన ఉపయోగం. బేరియం టైటనేట్, పెరోవ్‌స్కైట్, కెపాసిటర్. లిథియం కోబాల్ట్ ఆక్సైడ్, పొరల నిర్మాణం, బ్యాటరీ. “అన్నీ కంఠతా వచ్చు మేడమ్. ప్రశ్న కాస్త మార్చి అడిగితే మాత్రం ఏమీ తోచడం లేదు” అంది.

పట్టికలో ఒక్క తప్పు లేదు. ఒక గడి నుంచి పక్క గడికి వెళ్లే దారి మాత్రం ఎక్కడా లేదు. బేరియం టైటనేట్ ఫెర్రోఎలక్ట్రిక్, అంటే అందులో తనంతట తానుగా ఏర్పడిన ఆవేశాల ఒరుగుదలను బయటి విద్యుత్ క్షేత్రంతో తిప్పవచ్చు. కాల్షియం టైటనేట్ కూడా పెరోవ్‌స్కైటే, నిజానికి ఆ పేరు పుట్టింది ఆ ఖనిజంతోనే. మరి అది ఎందుకు ఫెర్రోఎలక్ట్రిక్ కాదు? ఆ పట్టికను ఎన్నిసార్లు వల్లె వేసినా ఈ ప్రశ్నకు జవాబు రాదు.

ఆ రోజు ఆమెకు చెప్పిన పద్ధతినే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఒక్క పదార్థాన్ని తీసుకోండి. అందులో ఏ పరమాణువు, ఏ స్థానంలో ఉండి, మనకు కావలసిన పని చేస్తోందో తేలేదాకా దాన్ని వదలకండి. తేలిన తర్వాత ఒక్క అంశం మార్చి, ఏమవుతుందో ముందుగా ఊహించి రాసుకోండి. ఆ తర్వాతే పుస్తకం తెరిచి సరిచూసుకోండి.

ఈ సబ్జెక్టు హద్దులేమిటో ఒక మాట. ఇనుప దూలానికి విలువ బరువు మోయడంలో ఉంది. క్రియాత్మక పదార్థాల (ఫంక్షనల్ మెటీరియల్స్) విలువ వేరు. విద్యుత్ క్షేత్రమో, కాంతో, అయస్కాంతమో, ఒత్తిడో, ఏదో ఒక వాయువో తగిలినప్పుడు అవి ఇచ్చే స్పందనే మనకు కావాలి. అందుకే ఈ కోర్సులో అకర్బన రసాయనం, భౌతిక రసాయనం, ఘనస్థితి భౌతిక శాస్త్రం ఒకే గదిలో కూర్చుంటాయి. మొదలుపెట్టే ముందు పాత పాఠాలు మూడు తిరగేయండి: అయాన్ల వ్యాసార్ధాలతో పాటు సమన్వయ సంఖ్య (ఒక అయాన్‌కు ఎన్ని పొరుగులున్నాయో), ఆక్సీకరణ స్థితి నుంచి డి-ఎలక్ట్రాన్లు లెక్కించడం, ప్రావస్థా చిత్రాలు చదవడం. ఈ మూడింటిలో తడబాటు ఉంటే మిగతా కోర్సంతా పొగమంచులా కనిపిస్తుంది. రెండు వారాలు పట్టినా సరే, అవి స్థిరపడ్డాకే ముందుకు వెళ్లండి.

బేరియం టైటనేట్‌తో మొదలుపెట్టండి

ఏ పదార్థంతోనైనా మొదలుపెట్టవచ్చు. నేను దీన్నే ఎంచుకుంటాను, ఎందుకంటే లెక్కలు చేతితో చేసుకోవచ్చు, బొమ్మ చేతితో గీయవచ్చు, తయారీకి సాధారణ కొలిమి చాలు.

ముందు ఏకక (స్ఫటికమంతటా పునరావృతమయ్యే అతిచిన్న గడి, యూనిట్ సెల్) గీయండి. కంప్యూటర్ తెర మీద తిప్పి చూడటం బాగానే ఉంటుంది గానీ, మొదటిసారి పెన్సిల్‌తోనే గీయాలి. ఘనం మూలల్లో బేరియం, మధ్యలో టైటానియం, ఆరు ముఖాల మధ్యలో ఆక్సిజన్. మూలలో ఉన్నదాన్ని ఎనిమిది ఘనాలు పంచుకుంటాయి, ముఖం మీద ఉన్నదాన్ని రెండు పంచుకుంటాయి. లెక్క వేస్తే ఒక బేరియం, ఒక టైటానియం, మూడు ఆక్సిజన్లు వస్తాయి. టైటానియం చుట్టూ ఆరు ఆక్సిజన్లతో అష్టఫలకం ఉంది. బేరియం చుట్టూ పన్నెండు ఆక్సిజన్లు ఉన్నాయి. ఈ పన్నెండూ బొమ్మలో కళ్లకు కనిపించేదాకా గీస్తూనే ఉండండి. నాకు మూడు కాగితాలు పట్టింది.

తర్వాత గోల్డ్‌ష్మిట్ 1926లో చెప్పిన సహన గుణకం లెక్కించండి. పన్నెండు ఆక్సిజన్ల గూటిలో పెద్ద అయాన్ ఎంత సరిగ్గా ఇముడుతుందో చెప్పే సంఖ్య ఇది, 1 వస్తే సరిగ్గా ఇమిడినట్టు. పెద్ద లోహ అయాన్, ఆక్సిజన్ వ్యాసార్ధాల మొత్తాన్ని, చిన్న లోహ అయాన్, ఆక్సిజన్ వ్యాసార్ధాల మొత్తానికి రెండు వర్గమూలం రెట్లతో భాగించాలి. ఆక్సిజన్‌కు 1.40, ఆరు పొరుగులున్న టైటానియంకు 0.605, పన్నెండు పొరుగులున్న బేరియంకు 1.61, స్ట్రాన్షియంకు 1.44, కాల్షియంకు 1.34 ఆంగ్‌స్ట్రామ్‌లు వాడండి. బేరియం టైటనేట్‌కు 1.06, స్ట్రాన్షియం టైటనేట్‌కు 1.00, కాల్షియం టైటనేట్‌కు 0.97 వస్తాయి.

ఇప్పుడు ఆ మూడు అంకెలను మాట్లాడనివ్వండి. స్ట్రాన్షియం గూటిలో సరిగ్గా ఇమిడింది, కాబట్టి గది ఉష్ణోగ్రత దగ్గర స్ట్రాన్షియం టైటనేట్ చక్కని ఘనాకృతిలో ఉంటుంది. కాల్షియం గూటికి చిన్నది. ఖాళీని పూడ్చడానికి అష్టఫలకాలు పక్కకు ఒరుగుతాయి. బేరియం గూటికి పెద్దది. అది గూటిని సాగదీయడంతో మధ్యలోని టైటానియంకు కదిలేందుకు చోటు దొరుకుతుంది. దాదాపు 120 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువన ఆ టైటానియం మధ్యస్థానం వదిలి ఒక ఆక్సిజన్ వైపు జరుగుతుంది. ధన, రుణ ఆవేశాల కేంద్రాలు విడిపోతాయి. ప్రతి ఏకకలోనూ ఒక ద్విధ్రువం ఏర్పడుతుంది, బయటి విద్యుత్ క్షేత్రంతో దాని దిశను తిప్పవచ్చు. ఫెర్రోఎలక్ట్రిక్ అంటే ఇదే. ఆ విద్యార్థిని పట్టికలో పేరుకూ ఉపయోగానికీ మధ్య లేని దారి ఇది.

ఇక్కడితో ఆగితే సగమే చదివినట్టు. చోటు ఉన్నంత మాత్రాన అయాన్ ఎందుకు జరగాలి? టైటానియం నాలుగు ధనావేశంతో ఉన్నప్పుడు దాని డి-కక్ష్యలు ఖాళీ. ఒక ఆక్సిజన్‌కు దగ్గరైతే ఆ ఆక్సిజన్ ఎలక్ట్రాన్లు ఈ ఖాళీ కక్ష్యల్లోకి కొంత పంచుకోబడి బంధం బలపడుతుంది. పరిమాణం చోటిస్తే, ఖాళీ కక్ష్య లాగుతుంది. ఇప్పుడు బేరియం స్థానంలో సీసం పెట్టి ఊహించండి. సీసం అయాన్ బేరియం కంటే చిన్నది. చోటు ఒక్కటే కారణమైతే ఫెర్రోఎలక్ట్రిక్ గుణం బలహీనపడాలి. జరిగేది దానికి విరుద్ధం. బేరియం టైటనేట్‌లో 120 దగ్గరున్న పరివర్తన ఉష్ణోగ్రత సీసం టైటనేట్‌లో దాదాపు 490 డిగ్రీలకు ఎగబాకుతుంది. సీసం మీద ఉన్న ఒంటరి ఎలక్ట్రాన్ జంట ఒక పక్కకు ఒరిగి తానూ వికృతికి తోడవుతుంది. మీ ఊహ తప్పిన ఇలాంటి చోటే అసలు పాఠం దొరుకుతుంది. నోటుపుస్తకంలో తప్పిన ఊహను కొట్టేయకండి, పక్కన కారణం రాయండి.

లోపాల దగ్గర నిదానించండి

చాలామంది విద్యార్థులు స్ఫటిక లోపాల అధ్యాయాన్ని చివరి రోజున చదువుతారు. నా దృష్టిలో కోర్సుకు గుండె అదే. పరిపూర్ణ స్ఫటికాలు చాలావరకు మౌనంగా ఉంటాయి, పని మొదలయ్యేది వాటిలో చిన్న తేడా వచ్చినప్పుడు.

శుద్ధమైన నికెల్ ఆక్సైడ్ లేత ఆకుపచ్చ రంగులో ఉంటుంది, విద్యుత్తును ప్రవహించనివ్వదు. కొద్దిగా లిథియం చేరిస్తే నల్లబడి అర్ధవాహకమవుతుంది. లిథియం ఒక్క ధనావేశంతో వచ్చి రెండు ధనావేశాల నికెల్ స్థానంలో కూర్చుంది. లోటు పూడాలి కాబట్టి పక్కనున్న ఒక నికెల్ మూడు ధనావేశాలకు మారింది. ఆ అదనపు ధనావేశం నికెల్ నుంచి నికెల్‌కు గెంతుతుంది. విద్యుత్తును మోసేది లిథియం కాదు, అది తెచ్చిన లోటు. పరీక్షల్లో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

జిర్కోనియాలో ఇట్రియం చేర్చినప్పుడు లోటు మరో తీరుగా పూడుతుంది. రెండు జిర్కోనియంల స్థానంలో రెండు ఇట్రియంలు వస్తే ఒక ఆక్సిజన్ స్థానం ఖాళీ అవుతుంది. ఆ ఖాళీల గుండా ఆక్సైడ్ అయాన్లు ప్రయాణిస్తాయి, కార్ల పొగగొట్టాల్లో ఆక్సిజన్‌ను కొలిచే సెన్సర్లు ఈ సూత్రం మీదే పనిచేస్తాయి. చేతిలెక్క ఒకటి ఇస్తాను. నూటికి 8 మోల్‌ల ఇట్రియం ఆక్సైడ్, 92 మోల్‌ల జిర్కోనియా కలిపారు. లోహ అయాన్లు 108, ఆక్సిజన్ స్థానాలు 216, ఖాళీలు 8. అంటే వందకు దాదాపు 3.7 స్థానాలు ఖాళీ. క్రోగర్–వింక్ సంకేతాలు (స్ఫటిక లోపాలను రాసే గుర్తులు) చూసి భయపడేవారు ముందు ఈ లెక్కను మామూలు మాటల్లో పదిసార్లు చేయండి. ఆవేశం సరిపోవాలి, స్థానాల నిష్పత్తి సరిపోవాలి, ద్రవ్యరాశి సరిపోవాలి. ఆ సంకేతాలు చెప్పేది ఈ మూడే.

ఇట్రియం బేరియం కాపర్ ఆక్సైడ్ సంగతి ఇంకా స్పష్టం. ఫార్ములాలో ఆక్సిజన్ ఏడుకు దగ్గరగా ఉంటే దాదాపు 92 కెల్విన్ దగ్గర అది అతివాహకం, అంటే 77 కెల్విన్ ఉండే ద్రవ నైట్రోజన్‌లోనే పనిచేస్తుంది. ఆక్సిజన్ ఆరుకు తగ్గితే అదే పదార్థం విద్యుత్ బంధకం. లోహాలన్నీ అవే, నిష్పత్తీ అదే. అందుకే తయారీ చివర దాన్ని ఆక్సిజన్‌లో నెమ్మదిగా చల్లారుస్తారు. ఆ ఒక్క వాక్యాన్ని ప్రయోగ విధానంలో చదివి ముందుకు సాగిపోయే విద్యార్థి పదార్థం ప్రాణాన్నే దాటిపోయినట్టు.

ప్రయోగశాలలో

తూకంతోనే సగం పని అయిపోతుంది. 5 గ్రాముల బేరియం టైటనేట్ కావాలంటే బేరియం కార్బొనేట్ 4.231 గ్రాములు, టైటానియం డయాక్సైడ్ 1.713 గ్రాములు కావాలి. రెండూ కలిపి 5.944 గ్రాములు, అందులో 0.944 గ్రాములు కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది, అంటే వందకు 15.9 వంతులు. కాల్చక ముందు, కాల్చిన తర్వాత క్రూసిబుల్‌ను తూచండి. తగ్గిన బరువు ఈ అంకెకు దగ్గరగా లేకపోతే ఎక్స్‌రే యంత్రం దగ్గరికి వెళ్లే ముందే ఏదో తేడా ఉందని తెలిసిపోతుంది. బేరియం కార్బొనేట్ కడుపులోని ఆమ్లంలో కరుగుతుంది, విషం. ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు తప్పనిసరి.

నేను పరిశోధన మొదలుపెట్టిన రోజుల్లో లాంథనం ఫెర్రైట్ చేయబోయి రెండు వారాలు పోగొట్టుకున్నాను. ఏ స్ఫటికాలు ఏర్పడ్డాయో శిఖరాల రూపంలో చూపే ఎక్స్‌రే వివర్తన చిత్రంలో 32.2 డిగ్రీల దగ్గర ప్రధాన శిఖరం అందంగా వచ్చింది. దాని పక్కనే 33.2 దగ్గర, తర్వాత 35.6 దగ్గర రెండు చిన్న శిఖరాలు వదలకుండా ఉన్నాయి. చర్య పూర్తికాలేదనుకున్నాను. మళ్లీ నూరాను, మళ్లీ కాల్చాను, ఉష్ణోగ్రత పెంచాను. అవి పోలేదు. చివరికి ఒక సీనియర్ చిత్రం చూసి ఒకే ప్రశ్న అడిగారు: “లాంథనం ఆక్సైడ్‌ను కాల్చి తూచావా?” లేదు. సీసాలోంచి తీసి నేరుగా తూచాను. లాంథనం ఆక్సైడ్ గాలిలోని తేమను పీల్చి హైడ్రాక్సైడ్‌గా మారుతుంది, కార్బన్ డయాక్సైడ్‌ను కూడా పట్టుకుంటుంది. పూర్తిగా హైడ్రాక్సైడ్ అయితే తూచినదాంట్లో వందకు 14 వంతులు నీరే. అంత లాంథనం తక్కువపడితే ఇనుము మిగిలిపోతుంది. ఆ రెండు చిన్న శిఖరాలు ఐరన్ ఆక్సైడ్‌వి. ఎన్నిసార్లు కాల్చినా లేని లాంథనం ఎక్కడి నుంచి వస్తుంది? అప్పటి నుంచి ఆ ఆక్సైడ్‌ను రాత్రంతా 1000 డిగ్రీల దగ్గర కాల్చి, తేమ తగలకుండా డెసికేటర్‌లో చల్లార్చి, వెంటనే తూస్తాను. మీరు వాడే ప్రతి ముడిపదార్థానికీ ఈ ప్రశ్న వేసుకోండి: సీసా మీద రాసినదే నిజంగా లోపల ఉందా?

నూరడాన్ని తేలికగా తీసుకోకండి. ఘనపదార్థాల మధ్య చర్య రేణువులు తాకిన చోటే మొదలవుతుంది. ఆ తర్వాత అయాన్లు అప్పటికే ఏర్పడిన పొర గుండా నడిచి రావాలి. బేరియం టైటనేట్ తయారీలో మధ్యలో బేరియం ఎక్కువున్న మరో టైటనేట్ ఏర్పడుతుంది, సరిగ్గా నూరకపోతే అది మిగిలిపోతుంది. అగేట్ కల్వంలో కొద్దిగా ఎసిటోన్ వేసి అరగంట, కాల్చాక తీసి మళ్లీ అరగంట. చేతులు నొప్పి పుడతాయి, కానీ దానికి మారుగా కొలిమిలో గంటలు తగ్గుతాయి.

ఎక్స్‌రే చిత్రం వచ్చాక డేటాబేస్‌తో పోల్చి “సరిపోయింది” అని రాసి వదిలేయడం పెద్ద నష్టం. బేరియం టైటనేట్‌లో ఏకక ఒక దిశలో 4.04, మిగతా రెండు దిశల్లో 3.99 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఈ చిన్న తేడా రాగి ఎక్స్‌రేతో 45 డిగ్రీల దగ్గర ఒక శిఖరాన్ని 44.8, 45.4గా రెండు ముక్కలు చేస్తుంది. బ్రాగ్ సమీకరణంతో ఆ రెండు కోణాలూ మీరే రాబట్టండి. ఆ చీలిక కనిపిస్తే టైటానియం మధ్యలోంచి జరిగిందనడానికి జాడ మీ చేతిలో ఉన్నట్టే. రేణువులు మరీ చిన్నవైతే శిఖరాలు వెడల్పై చీలిక కలిసిపోతుంది. అప్పుడు ఘనాకృతి అని తొందరపడి రాయకూడదు. శిఖరం వెడల్పు నుంచి పరిమాణం లెక్కించే షెర్రర్ సూత్రం వాడేటప్పుడు యంత్రం వల్ల వచ్చే వెడల్పును ముందు తీసేయాలి. ఆ సూత్రం ఇచ్చేది స్ఫటికపు తునక పరిమాణం, మైక్రోస్కోపులో కనిపించే రేణువు పరిమాణం కాదు. రెండూ ఒకటేనని రాసిన ప్రాజెక్టు నివేదికలు ఎన్నో చూశాను.

అంకెలతో అలవాటు

ప్రతి తరగతి పదార్థాలకూ ఒక చిన్న లెక్క చేతిలో ఉంచుకోండి. కాంతికి సంబంధించినదైతే, 1240ని ఎలక్ట్రాన్ వోల్టులలోని బ్యాండ్ గ్యాప్‌తో (ఎలక్ట్రాన్‌ను పైకి లేపడానికి కావలసిన కనీస శక్తి) భాగిస్తే పదార్థం తీసుకోగల కాంతి తరంగదైర్ఘ్యపు హద్దు నానోమీటర్లలో వస్తుంది. అనటేజ్ రూపంలోని టైటానియం డయాక్సైడ్‌కు 3.2 కాబట్టి 387 నానోమీటర్లు. అంటే అది అతినీలలోహిత కాంతినే తీసుకుంటుంది, కంటికి కనిపించే వెలుగును వదిలేస్తుంది. పొడి తెల్లగా ఉండటానికీ, సౌరకాంతితో నీటిని విడగొట్టడంలో అది వెనకబడటానికీ కారణం ఒకటే.

బ్యాటరీ పదార్థమైతే ఫారడే స్థిరాంకాన్ని 3.6తో భాగించండి, ఒక మోల్ ఎలక్ట్రాన్లకు 26,801 మిల్లీఆంపియర్ గంటలు. లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ మోలార్ ద్రవ్యరాశి 97.87. దాంతో భాగిస్తే గ్రాముకు 274 మిల్లీఆంపియర్ గంటలు. చాలాకాలం ఆచరణలో అందింది 140 దగ్గరే, ఎందుకంటే సగానికి మించి లిథియం తీస్తే పొరలు నిలకడ కోల్పోతాయి. 1980లో గుడ్‌ఎనఫ్ బృందం ఈ పదార్థాన్ని ప్రతిపాదించింది, 2019లో ఆయనకు విటింగ్‌హామ్, యోషినోలతో కలిపి నోబెల్ వచ్చింది. ఈ మధ్య కాలపు ప్రయత్నాల్లో చాలావరకు ఆ 274కూ 140కీ మధ్య ఉన్న దూరం గురించే అని గుర్తుంచుకుంటే, కోబాల్ట్ బదులు నికెల్, మాంగనీస్ చేర్చడానికి ఒక కారణం దానంతట అదే అర్థమవుతుంది.

అయస్కాంతాలకు మాగ్నటైట్ చాలు. చతుర్ముఖీయ స్థానంలో మూడు ధనావేశాల ఇనుము ఒకటి, ఐదు ఒంటరి ఎలక్ట్రాన్లతో. అష్టఫలక స్థానాల్లో మూడు ధనావేశాలది ఒకటి, రెండు ధనావేశాలది ఒకటి, వ్యతిరేక దిశలో ఐదు, నాలుగు. ఐదుకు ఐదు చెల్లిపోయాక నాలుగు మిగులుతుంది, ప్రయోగంలో కొలిచింది దాదాపు 4.1 బోర్ మాగ్నెటాన్లు (పరమాణు స్థాయిలో అయస్కాంతత్వాన్ని కొలిచే ప్రమాణం). నికెల్ ఫెర్రైట్‌కు ఎంత రావాలో మీరే చెప్పండి. రెండు వచ్చిందా? అయితే స్పైనెల్ (ఈ రకం స్ఫటిక నిర్మాణం) అధ్యాయం మీకు వచ్చినట్టే.

లోహ–సేంద్రియ చట్రాలు, క్వాంటమ్ చుక్కలు, వాహక పాలిమర్లు కూడా సిలబస్‌లో ఉంటాయి. ప్రశ్న మాత్రం అదే: పని ఎక్కడ జరుగుతోంది? చట్రాల్లో అది రంధ్రంలో, చుక్కల్లో అది పరిమాణంలో, పాలిఎసిటిలీన్‌లో అది అయోడిన్ లాక్కున్న ఎలక్ట్రాన్ వదిలిన చోట.

ప్రయోగ పుస్తకంలో పొడి రంగును కూడా రాయండి, కాల్చక ముందు, కాల్చిన తర్వాత. కిందటి ఏడాది ఒక అబ్బాయి బేరియం టైటనేట్ బిళ్లలు ముదురు నీలంగా, దాదాపు నల్లగా బయటికొచ్చాయి. మలినం చేరిందని పారేయబోయాడు. గొట్టపు కొలిమిలో అంతకుముందు మరొకరు వాడిన హైడ్రోజన్ కలిసిన ఆర్గాన్ వాల్వు తెరిచే ఉంది. వాటిని గాలిలో మళ్లీ కాల్చమన్నాను, మర్నాటికి తెల్లబడ్డాయి. హైడ్రోజన్ కొంత ఆక్సిజన్‌ను లాక్కుపోతే అక్కడ మిగిలిన ఎలక్ట్రాన్లు టైటానియం ఖాళీ డి-కక్ష్యల్లోకి చేరాయి, ఆక్సిజన్ తిరిగి రాగానే వెళ్లిపోయాయి. నల్ల బిళ్ల, తెల్ల బిళ్ల ఎక్స్‌రే చిత్రాలను అతను ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాడు. శిఖరాలు దాదాపు ఒకే చోట ఉన్నాయి. “మరి తేడా ఎక్కడ కనిపిస్తుంది మేడమ్?” అన్నాడు. మల్టీమీటర్ తెచ్చి రెండింటి నిరోధం కొలవమన్నాను.